చిల్లర మోగిన ఇసుక

శుద్ధ విదియ. పెద్ద పోటు. కట్ట నిలబడింది.

నీళ్ల చిట్టాలో నీళ్ల సంగతి తప్ప ఇంకేమీ రాయొద్దని ఏసుపాదం గారి ఆజ్ఞ. ఆయన మా కొత్తమెరకకి పెద్ద. మంచి మనిషే గానీ నేను రాసింది ఒక్కనాడూ తిరగేసి చూడలేదు. అందుకని నాకు తోచినదంతా రాస్తాను. నా పేరు నూకరత్నం. పొద్దున్నే వడపోత యంత్రం దగ్గరికి వెళ్లి, వచ్చిన నీళ్లు రుచి చూసి, కొలిచి, ఇంటింటికీ పంచడం నా ఉద్యోగం.

ఇవాళ నాలుక మీద కాస్త ఉప్పు తగిలింది. యంత్రంలో ఉప్పుని ఆపే పొర అరిగిపోతోంది. కొత్త పొర కావాలని సముద్రం మీద తేలే పంట్ల ఊరికి కబురు పెడితే, తమకే లేదని జవాబొచ్చింది. ఇక్కడ ఎక్కడ గొయ్యి తవ్వినా ఉప్పునీరే ఊరుతుంది. యంత్రాలు సముద్రాన్ని అవతలికి నెట్టి, కట్ట కట్టి, పైకి తేల్చిన నేల ఇది. చాలా వానాకాలాలు దీన్ని ఊరికే తడిపి పోయాక మమ్మల్ని తెచ్చి దింపారు.

నీళ్లు తాగడానికి పనికిరావని నేను తేల్చిన రోజున ఎర్రజెండా ఎగరెయ్యాలి. లాంచీ వచ్చి అందరినీ మళ్లీ పంట్ల మీదికి తీసుకుపోతుంది. ఖాళీ అయిన మెరకని ఉప్పుమళ్లకి ఇచ్చేస్తారు, కట్టకి గండి కొట్టి సముద్రాన్ని లోపలికి వదులుతారు. నేను గొలుసులతో కట్టిన ఆ ఇనప పంట్ల మీదే పుట్టాను. ఊగని నేల మీద నిలబడడం అంటే ఏమిటో ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఆ జెండా నా చేత్తో ఎగరెయ్యడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

చవితి. లాంచీ వచ్చింది.

ఈ మట్టి కింద ఎక్కడో సముద్రం మింగిన పాత ఊరు ఉంటుందనీ, ఊరు దొరికితే దాని మంచినీళ్ల బావి దొరుకుతుందనీ ఏసుపాదం గారి నమ్మకం. ఊరు దొరకాలంటే మట్టి కింద లోహం వెతకాలి. అందుకని మెటల్ డిటెక్టర్ ఒకటి అడిగారు. లాంచీ సరంగు ఖాదరు మూడు రకాలు తెచ్చి రేవులో పెట్టి, ఏదో ఒకటే ఉంచుకోమన్నాడు.

ఏది మంచిదో ఎవరికి తెలుసు అంటే అందరి చూపూ మా వదిన మీదికి పోయింది. మా ఆయన అక్క పేరిందేవి. పంట్ల ఊళ్లో ఉండగా, పాటు వేళ సముద్రం వెనక్కి పోయినప్పుడల్లా ఎవరిదో డిటెక్టర్ అరువు తెచ్చి బురదలో పాత నాణేల కోసం తిరిగేది. దొరికినవి దండ గుచ్చి గుమ్మానికి కట్టుకుంది. వాటితో ఇప్పుడు ఏమీ రాదు, అయినా ఆ దండ గురించి చెప్పడం మొదలుపెడితే అన్నం చల్లారిపోవలసిందే. గొప్పలు చెప్పుకోవడంలో మా వదినకి సిగ్గనేది లేదు.

"మొకాలు చూసి కొంటారేటి, పెళ్లికూతురా?" అని యంత్రాలు మూడూ తడినేల మీదికి పట్టించుకొచ్చింది. ఒక తుప్పు మేకు, దాని పక్కనే ఒక ఇత్తడి మువ్వ పాతిపెట్టింది. మొదటిది చాలా తేలిక, చేతికి హాయిగా ఉంది. తడినేల తగలగానే మేకూ లేదు, మువ్వా లేదు, ఊరికే ఏడుపు లంకించుకుంది.

"దీనికి ఉప్పంటే పడదు. ఎండు నేల మీద బంగారమే. ఇక్కడ ఉత్త ఏడుపుగొట్టు."

రెండోది ఉప్పుని లెక్కచెయ్యలేదు, లోతుకీ పోతుంది. కానీ మేకుకీ మువ్వకీ ఒకే కూత కూసింది. ఏసుపాదం గారికి అది నచ్చింది.

"లోతుకి పోయేదే కదమ్మా మనక్కావాలి?" అన్నారు.

"పోద్దండి. ఈ దిబ్బంతా తుప్పు ముక్కలేనండి. ప్రతి మేకుకీ తవ్వుకుంటా పోతే మన పిల్లల పెళ్లిళ్లయిపోతాయండి."

మూడోది ఒకేసారి రకరకాల తరంగాలు పంపుతుందట. ఉప్పునేల మీద నోరుమూసుకుంది. మేకు దగ్గర గుర్రుమంది, మువ్వ దగ్గర సన్నగా, తేటగా పలికింది. వదిన మొహం వెలిగిపోయింది. దాంతోపాటు వచ్చిన, కొసకి బిగించి నేల మీద తిప్పే గుండ్రటి పళ్లేల్లో పెద్దది పక్కన పడేసి మధ్యరకం బిగించింది. పెద్ద పళ్లెం లోతుకి పోయినా, పక్కపక్కన ఉన్న రెండు వస్తువుల్ని కలిపి ఒకటి చేసేస్తుందట. ఏసుపాదం గారు ఒప్పుకుని సంతకం పెట్టారు. నాకూ ముచ్చటేసింది. పైకి అనలేదు, అంటే ఆ పూటంతా భరించాలి.

షష్ఠి. నీళ్లు నిన్నటికన్నా ఉప్పన.

వదినకి తోడుగా తవ్వేపని నాకు పడింది. ఆవిడ యంత్రం చెవిగొట్టాలు పెట్టుకుని వినాలి, ఆవిడ చూపిన చోట నేను గునపం వెయ్యాలి. ఆడపడుచు పెత్తనం అంటారే, అదేమిటో ఇవాళ పూర్తిగా అనుభవించాను.

పొద్దున మొదలుపెట్టగానే యంత్రం అడుగడుగునా పలికింది. మువ్వ పలికినంత తేటగా. నేను ఎగిరి గంతేశాను. గుంటలు తవ్వితే ఏమీ లేదు. వదిన ఆగి, తన కాళ్ల వంక చూసుకుంది. మెట్టెలు!

"తియ్యి వదినా," అన్నాను.

"మొగుడుండగా మెట్టెలు తియ్యడవేంటే, నీ నోట్లో మట్టికొట్ట!"

"అన్నయ్యగారు పంట్ల మీద వలలు అల్లుకుంటున్నారు. ఆయనకెవరు చెప్తారు?"

తీసింది. తీసి కొంగున ముడేసుకుంది. ఇప్పుడు కొంగు ఊగినప్పుడల్లా యంత్రం పలికింది. నేను నవ్వి నవ్వి గునపం మీద వాలిపోయాను. చివరికి మెట్టెలూ, గాజులూ, నా నడుముకున్న తాళాలూ అన్నీ మూటగట్టి గట్టు మీద పెట్టాం.

ఆ తరవాత మా వదిన పనితనం చూశాను. శుభ్రమైన చోటు చూసుకుని పళ్లేన్ని నేల మీదికి దించుతూ ఎత్తుతూ, ఈ నేల గొంతు ఇలా ఉంటుందని యంత్రానికి ముందు నేర్పించింది. నడక తొందరలేని నడక. పళ్లెం నేలని తాకదు, పైకి లేవదు, పోయిన వరస మీద సగం పడేలా వచ్చే వరస వేస్తుంది. అలికిన ఇంట్లో ముగ్గు పెడుతున్నట్టు ఉంటుంది చూడ్డానికి. ఏదైనా పలికితే నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి తిప్పి, బొటనవేలితో సరిగ్గా దాని నెత్తి మీద గుర్తు పెడుతుంది. నేను తవ్వి చూశాక గుంట పూడ్చి, కాలితో అదిమి, గడ్డిపెళ్ల మళ్లీ పైన పెట్టేదాకా ముందుకి కదలదు. ఆవిడ గొప్పలన్నీ నిజమేనని ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ ఇది చదవదు.

నవమి. పోటు చిన్నది.

దొరికాయి! దిబ్బకి దక్షిణంగా, పలచగా తుమ్మమొక్కలు మొలిచిన చోట, మూరెడు లోతున మొదటి నాణెం. వదిన దాన్ని తుడవలేదు. తుడిస్తే అరుగుతుందని నీళ్లలో ముంచి, అరచేతిలో ఆరబెట్టింది. ఒకపక్క సింహాల తలలు, రెండోపక్క అంకె. ఎన్ని చేతులు మారిందో, అంచులన్నీ నున్నగా ఉన్నాయి.

అక్కడినుంచి తూర్పుగా నడుస్తుంటే ఇంకోటి, ఇంకోటి. అన్నీ ఒక వరసలో. సాయంత్రానికి జనమంతా పోగయ్యారు. పూర్వం ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో, ఈశాన్యం మూలన, నాణెం పెట్టేవారని పంట్ల మీద పెద్దవాళ్లు చెప్పగా అందరం విన్నవాళ్లమే. ఇక చూసుకోండి. నాణేనికో ఇల్లు, వరసంతా ఒక వీధి, వీధి చివర బావి. ఊరంతా మట్టి మీద గీతలు గీసి ఇళ్లు పంచేసుకున్నారు. ఇటుక అంటే కంటితో చూసినవాడు మాలో ఒక్కడు లేడు!

"పారలు తియ్యండర్రా," అన్నారు ఏసుపాదం గారు. ఆయన అంత గట్టిగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. వదినని భుజాల మీద ఎత్తుకోవడం ఒక్కటే తక్కువ.

ద్వాదశి. పిల్లలకి ఆవిరి పట్టి చల్లార్చిన నీళ్లు మాత్రమే.

గోతులు తవ్వాం. గోడ లేదు. ఇటుక లేదు. కుండపెంకు కూడా లేదు. మట్టి కింద ఇసక, ఇసకలో ఇంకా నాణేలు. నాణేలకేమీ కొదవ లేదు. బావి కోసం వరసకి తూర్పు చివర కూడా తవ్వారు. అక్కడ మట్టి గట్టిగా ఉంది, గోతిలో ఊరింది ఉప్పునీరే.

వడపోత నీళ్లు నోట్లో పెట్టుకుంటే మొహం ముడుచుకుపోతోంది. ఒకావిడ బిందె తీసుకుని, రుచి చూసి, తిరిగి నా చేతిలో పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది. తవ్వి తవ్వి విసిగినవాళ్ల కోపమంతా మా వదిన మీదికి మళ్లింది.

"చిల్లరేరుకోడానికి మాచేత ఊరంతా తవ్వించావు," అన్నాడు మా ఆయన, స్వయానా తమ్ముడు.

వదిన డిటెక్టర్‌కి అంటిన మట్టి తుడిచి, దాన్ని మూల నిలబెట్టి, ఇంట్లోకి పోయింది.

పున్నమి. పెద్ద పోటు. కట్ట దగ్గర మట్టి కాస్త జారింది, పూడ్చారు.

ఏసుపాదం గారు నన్ను పక్కకి పిలిచి అష్టమి దాకా చూద్దాం అన్నారు. అష్టమికి లాంచీ వస్తుంది. అప్పటికీ ఇలాగే ఉంటే జెండా ఎగరెయ్యాలి. ఆయన కళ్లు నా మీద లేవు, దూరంగా పిల్లలు ఆడుకుంటున్న చోట ఉన్నాయి. కొందరు సామాన్లు కడుతున్నారు. మా ఇంట్లో నేను కట్టనివ్వలేదు. మూట కడితే వెళ్లిపోయినట్టేనని ఏడ్చాను. మా ఆయన తాడు పక్కన పడేశాడు.

బహుళ విదియ. ఈ రోజు సంగతి మాత్రం ఎవరైనా చదివి తీరాలి.

పొద్దున్నే వదిన డిటెక్టర్ భుజాన వేసుకుని వచ్చి, "పద" అంది. తవ్విన గోతుల మధ్య నిలబడి యంత్రం మీద ఏదో మీట నొక్కింది.

"నేనో తెలివితక్కువ పని చేశానే, రత్నం. మేకుల గోల పడలేక ఇనపకూత కట్టేశాను. నాణేలకైతే అదే పద్ధతి. కానీ మనం ఎతుకుతుంది ఇళ్లు కదా? ఇల్లంటే మేకులుండవా? గడియలు, కీళ్లు, తలుపు గొళ్లాలు ఉండవా? అయ్యి పలకనియ్యకుండా చేసి, ఇల్లు ఎక్కడుందని ఎతికితే ఎలా దొరుకుద్ది?"

ఇప్పుడు ఇనుము కూడా పలికేలా పెట్టి, నాణేల వరస మీద మొదటినుంచి నడిచింది. నేను రెండో చెవిగొట్టం పెట్టుకున్నాను. నాణెం ఉన్న చోట సన్నటి కూత. మిగతా అంతా నిశ్శబ్దం. తుప్పు ముక్కలతో నిండిన ఈ దిబ్బ మీద, ఆ వరస పొడుగునా, ఒక్క గుర్రు లేదు. వదిన ఆగి నా మొహం చూసింది. ఇళ్లు లేవు. ఎప్పుడూ లేవు.

ఆవిడ మాత్రం నడక ఆపలేదు. వరసకి ఇంకా తూర్పుగా, బావి గొయ్యి కూడా దాటి నడిచింది. ఉన్నట్టుండి యంత్రం చెవులు పగిలేలా గుర్రుమంది. తవ్వితే మోకాలి లోతులో కాంక్రీటు ముద్ద, అందులో మణికట్టంత ఇనప చువ్వల గుత్తి. వెనక్కి తిరిగి పడమటి చివరకి పోతే అక్కడా అదే గుర్రు, అదే చువ్వలు. రెండు కొసల్లో ఇనుము. మధ్యలో ఇసక, చిల్లర.

వదిన నేల మీద కూలబడింది.

"రత్నం, మన పంట్ల ఊళ్లో పెద్దకాలవ మీద చెక్కవంతెన దాటేటప్పుడు నువ్వేం చేత్తావు?"

"నాలుగు గింజలు బియ్యం నీళ్లలో వేసి దణ్ణం పెట్టుకుంటాను."

"ఎందుకేత్తావు?"

"ఏమో. మా అమ్మ వేసేది."

"మీ అమ్మమ్మ?"

"ఆవిడా వేసేది."

"వాళ్లమ్మమ్మకి చేతిలో చిల్లరుంటే ఏం ఏసుండేదే?"

మేం నిలబడ్డది వీధిలో కాదు. వంతెన కింద. బస్సుల్లోంచి, బళ్ల మీంచి జనం కిందికి విసిరి దణ్ణం పెట్టుకున్న చిల్లర అది. అందుకే అన్నీ చిన్నవి, అన్నీ అరిగినవి, ఒక్కటీ మూటలో లేదు. పిల్లకి జ్వరం తగ్గాలని, పరీక్ష గట్టెక్కాలని, పెళ్లయిన కొత్తలో చెయ్యి పట్టుకుని ఒకటి. ఆ మనుషులెవరో మాకు తెలియదు. వాళ్లు వేసిన ప్రతి దణ్ణం ఒక్కొక్కటిగా మా వదిన చెవిలో పలికింది. మేం ఊరు కోసం వెతుకుతూ, ఒక ఏటి గర్భం మీద గోతులు తవ్వుకుంటూ పోయాం.

పరుగెత్తి ఏసుపాదం గారికి చెప్పాం. ఆయన మొదట వదిన చేతులు రెండూ పట్టుకున్నారు. తరవాత మోకాళ్ల మీద కూర్చుని గోతిలో ఇసక చేతిలోకి తీసుకుని జారవిడిచారు.

"మట్టిలో వాన నిలవదమ్మా. ఇసకలో నిలుస్తుంది. కట్ట కట్టాక పడిన వానలన్నీ ఈ ఏటి ఇసకలో ఇంకి, ఉప్పునీటి మీద మీగడలాగా తేలుతూ ఉండాలి. లోతుకి పోకూడదు. పోతే ఉప్పు పైకొచ్చేస్తుంది."

పంచమి. పోటు తగ్గుముఖం.

బావి కాదు, చెలమలు తవ్వుతున్నాం. ఏటి ఇసకలో చేత్తో తీసే నీటిగుంట. వదిన నాణేల వరసకి ఉత్తరంగా నడిచింది. నాణేలూ మేకులూ రెండూ లేని, యంత్రం పూర్తిగా మూగబోయిన చోట్లన్నీ కలిపితే ఏరు వంకర తిరిగిన దారి తెలిసిపోయింది. లోహం వెతికే యంత్రంతో లోహం లేని చోటు వెతకడం ఆవిడకి తప్ప ఎవరికైనా తడుతుందా?

మొదటి చెలమ మా ఆయన తవ్వాడు. ఆత్రం పట్టలేక లోతుగా తవ్వేశాడు. ఊరిన నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు. అందరి మొహాలూ వాడిపోయాయి. ఏసుపాదం గారు దాన్ని పూడ్పించి, ఇంకాస్త ఎగువన, మోచేతి లోతే తవ్వి ఆపమన్నారు. అడుగున తడి తప్ప ఏమీ లేదు. ఇక ఎదురుచూడాలి. అక్కకి క్షమాపణ చెప్పుకోవడం చేతగాక మా ఆయన రోజంతా ఆవిడ డిటెక్టర్ మోశాడు.

అష్టమి. పోటు లేదు, పాటు లేదు, నీళ్లు నిలకడగా ఉన్నాయి.

వడపోత యంత్రం నీళ్లు ఇవాళ తాగడానికి పనికిరావు. ఈ మాట రాయడం నా విధి, రాశాను.

జెండా చంకలో పెట్టుకుని చెలమ దగ్గరికి వెళ్లాను. ఊరు ఊరంతా అక్కడే ఉంది. రేవులో లాంచీ ఆగింది. చెలమ అడుగున నీళ్లు చేరాయి, చేటంత మేర, ఇసక కనబడేంత తేటగా. వదిన కొబ్బరిచిప్పతో పైపైన తేర్చి నాకు అందించింది. నేను నోట్లో పోసుకున్నాను.

ఉప్పు కోసం నాలుక వెతుక్కుంది. దొరకలేదు. ఇంకో గుక్క తాగాను. అప్పుడూ దొరకలేదు. చిప్ప ఏసుపాదం గారికిచ్చాను. ఆయన తాగి కళ్లు తుడుచుకున్నారు. తరవాత ఎవరు ఎవరి చేతిలోంచి లాక్కున్నారో నాకు తెలియదు. వదిన మాత్రం చెలమ ఒడ్డున కూర్చుని, ఎవరూ లోతుకి చెయ్యి పెట్టకుండా కాపలా కాస్తూ, వెయ్యి ఊళ్లకి వినబడేలా అందరినీ తిడుతూ ఏడ్చింది.

ఖాదరు సరంగు రేవునుంచి నడుచుకుంటూ వచ్చాడు.

"ఏంటమ్మా, సామాన్లు ఇంకా ఎక్కించలేదా? పోటు మళ్లీ తిరిగేలోపు బయల్దేరాలి."

వదిన చిప్ప నింపి అతని చేతికిచ్చింది. పంట్ల మీద పుట్టి, పుట్టినప్పటినుంచీ యంత్రం నీళ్లే తాగినవాడు. ఒక గుక్క మింగి, ఆగి, చిప్పలోకి చూశాడు.

"ఇందులో ఏం కలిపారండి?"

"ఏం కలపలేదు, బాబూ. నీళ్లంటే ఇలాగే ఉంటాయంట," అంది వదిన.

అతను చిప్ప ఖాళీ చేసి, లాంచీ దాకా పోయి, పెళ్లాంపిల్లల కోసం ఒక డబ్బా పట్టుకొచ్చాడు. తొందరపడకుండా, పైపైన తేర్చి నింపి ఇచ్చాం. దాన్ని రెండు చేతులా పట్టుకుని ఎక్కాడు. వెనకాల బల్లలన్నీ ఖాళీగా లాంచీ వెళ్లిపోయింది.